డాబా తాళం రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తోంది

గృహ సముదాయాల కార్యనిర్వహణాధికారి గారి సముఖమునకు,
మూడో బ్లాకు, నాలుగో అంతస్తు, ఎడమ వైపు చివరి ఇంటి గృహిణి వ్రాసుకొను అర్జీ.
తేదీ: ఈ నెల ఇరవై ఆరు, గురువారం.

అయ్యా,

విషయం: మా బ్లాకు డాబా తలుపునకు బిగించిన ఫోను తాళం నా ఫోనును అంగీకరించకపోవుట – సదరు తాళంలో నడుచు ప్రోగ్రాము సోర్స్ కోడ్ ఇప్పించుట – అంతవరకు పాత ఇనుప తాళంచెవి తిరిగి ఇప్పించుట – వచ్చే నెల ఒకటో తేదీన వీధి గుమ్మమునకు కూడా ఇదే తాళం వేయు నిర్ణయమును నిలుపుట – గురించి.

నేను మా ఇంటి సంగతులు ఏ రోజువి ఆ రోజు పుస్తకంలో రాసి పెట్టుకునే మనిషిని. కనుక ఈ అర్జీలోని తేదీలు, గంటలు, నిమిషాలు పుస్తకం చూసి ఎత్తి రాసినవే తప్ప జ్ఞాపకం మీద రాసినవి కావని ముందుగా మనవి చేసుకుంటున్నాను.

1. ఈ నెల నాలుగో తేదీ బుధవారం ఉదయం పదకొండు గంటలకు తమ కార్యాలయం తరఫున ఒక కంపెనీ మనుషులు ఇద్దరు వచ్చి, మా డాబా తలుపుకున్న ఇనుప తాళం ఊడదీసి, దాని చోట తలుపుకు రెండు వైపులా అరచేయంత నల్ల పెట్టె ఒక్కొక్కటి బిగించారు. ఇరవై నాలుగు ఇళ్ల నుంచి ఇరవై నాలుగు తాళంచెవులు రసీదులు ఇచ్చి పట్టుకెళ్లారు. మా రసీదు నంబరు పదిహేడు. ఇక మీదట తలుపు తీయాలంటే ఫోనులో యాప్ వేసుకుని, ఫోనును ఆ పెట్టెకు ఆనించాలి. డాబా మీదకు వెళ్లడానికీ అంతే, డాబా మీద నుంచి కిందికి రావడానికీ అంతే. మూసుకోవడం మాత్రం తలుపు దానంతట అదే మూసుకుంటుంది. అందుకు ఎవరి ఫోనూ అక్కర్లేదు.

నేను ఆ రోజే యాప్ వేసుకోబోయాను. "మీ పరికరానికి ఈ యాప్ అనుకూలం కాదు" అని వచ్చింది. దానికి ఆండ్రాయిడ్ పన్నెండు కావాలి, నా ఫోనులో ఉన్నది తొమ్మిది. బిగించిన మనిషిని అడిగాను.

"పాత ఫోను కదమ్మా. కొత్తది తీసుకోండి" అన్నాడు.

"తలుపు కూడా పాతదే కదా బాబూ. దాన్నెందుకు ఉంచావు?" అన్నాను.

అతను తలుపు వైపు ఒకసారి చూసి సంచీ సర్దుకున్నాడు.

మా బ్లాకులో నాలాంటి ఇళ్లు మొత్తం ఆరు. అందులో రెండో అంతస్తులో ఉండే, ఆస్పత్రిలో పనిచేసే నర్సమ్మగారు, మొదటి అంతస్తులో ఉండే రిటైరైన డ్రిల్లు మాస్టారు ఈ అర్జీలో మళ్లీ వస్తారు కనుక వారి సంగతి ఇక్కడే రాస్తున్నాను.

2. నా ఫోను వయసు ఆరేళ్ల నాలుగు నెలలు. ఇప్పటికి రెండుసార్లు పడింది, రెండుసార్లూ పరుపు మీదే. బ్యాటరీ ఒకసారి మార్పించాను. మాట్లాడుతుంది, వింటుంది, ఫొటో తీస్తుంది, పొద్దున్నే లేపుతుంది. తనకు ముసలితనం వచ్చిందని ఫోను చెప్పలేదు, నేనూ చెప్పలేదు. తయారుచేసినవారు చెప్పారు. ఒక రోజు "ఇకపై ఈ మోడలుకు అప్‌డేట్లు రావు" అని తెర మీద ఒక్క ముక్క చూపించి ఊరుకున్నారు. మా కుట్టు మిషను వయసు ముప్ఫై ఒకటి. దాన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అయినా దారం ఎక్కిస్తే కుడుతుంది. నీ వెర్షన్ ఎంత అని గుడ్డను అడగదు.

ఆపరేటింగ్ సిస్టం అంటే తెలియక ఇలా రాస్తున్నానని తమరు అనుకోవద్దు. మా మరిది ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతాడు. మా ఇంట్లో పదమూడేళ్ల నాటి కంప్యూటరు ఒకటి ఉంది. అది కొత్త సిస్టానికి పనికిరాదని, తీసి పారేయాల్సిందేనని అమ్మిన దుకాణం వారు అన్నప్పుడు, మా మరిది ఒక ఆదివారం కూర్చుని అందులో లినక్స్ వేశాడు. నాలుగేళ్లుగా ఏ పేచీ లేకుండా నడుస్తోంది. ప్రింటరుతో మాత్రం దానికి మొదటి నాలుగు నెలలు మాటల్లేవు. ఈ సంగతి కూడా రాయాలి, ఒకవైపే రాస్తే అది లెక్క అనిపించుకోదు.

నాకు అర్థమైనంతలో ఆపరేటింగ్ సిస్టం అంటే ఇంట్లో గృహిణి లాంటిది. అన్నీ సవ్యంగా జరిగినంత కాలం అలాంటిది ఒకటుందని ఎవరికీ గుర్తుండదు. ఆగిపోయిన రోజున ఇంటిల్లిపాదీ వచ్చి ఏమైంది, ఏమైంది అంటారు.

మా వారికి ఈ ఉచిత ప్రోగ్రాముల మీద నమ్మకం లేదు. ఆయన తూనికలు, కొలతల తనిఖీ ఆఫీసులో పని చేస్తారు.

"ఊరికే ఇచ్చేవాడు ఏదో ఒకటి ఆశించే ఇస్తాడ్రా" అన్నారు తమ్ముడితో.

"ఊరికే ఇవ్వడం కాదన్నయ్యా. విప్పి చూసుకోవచ్చు, అదీ సంగతి."

"ప్రెషర్ కుక్కరు విప్పి చూసుకునే హక్కు నాకుంది. ఎప్పుడైనా విప్పానా?"

"నువ్వు విప్పలేదు. వదిన విప్పుతుంది. నువ్వు తింటున్నావు."

ఈ చర్చ ఇక్కడితో ముగిసింది.

3. యాప్ మా వారి ఫోనులో పడింది. ఆయన ఫోను కొత్తది. ఆయన ఉదయం ఎనిమిది పదికి ఆఫీసుకు బయలుదేరతారు, సాయంత్రం ఆరు ఇరవైకి వస్తారు. ఫోను ఆయనతోనే వెళుతుంది. అంటే మా ఇంటికి సంబంధించినంత వరకు డాబా తాళం రోజూ ఉదయం ఆయన జేబులో ఆఫీసుకు వెళ్లి, సాయంత్రం ఇంటికి వస్తోంది. ఈ చలికాలంలో డాబా మీద ఎండ ఉండేది తొమ్మిది నుంచి నాలుగు వరకు. తాళం, ఎండ ఒకేసారి ఇంట్లో ఉండేది ఆదివారాల్లో, రెండో శనివారం నాడు మాత్రమే. ఎక్కడానికొకసారి, దిగడానికొకసారి ఇరుగుపొరుగు ఫోను రోజూ అరువడగలేం.

నేను పదకొండేళ్లుగా ఆరుదల పుస్తకం ఒకటి రాస్తున్నాను. ఏ గుడ్డ, ఎక్కడ ఆరవేసినది, ఎంతసేపట్లో ఆరినది అందులో ఉంటుంది. చలికాలంలో మంచం దుప్పటి డాబా మీద మూడు గంటల పది నిమిషాల్లో ఆరుతుంది. అదే దుప్పటి వసారాలో దండెం మీద వేస్తే పంతొమ్మిది గంటలు పడుతుంది, ఆరిన తరువాత కూడా దాని మీద ఎవరూ పడుకోరు. నాలుగో తేదీ నుంచి పదమూడో తేదీ వరకు గల పుటల నకలు జతపరిచాను. ఆ పది రోజుల్లో మా ఇంట్లో కుర్చీల మీద కూర్చోవడానికి వీలు లేకపోయింది, వాటి మీద తువ్వాళ్లు కూర్చున్నాయి.

మా అత్తగారి సంగతి ఇంకొకటి. ఆమెకు ఎనభై ఒకటి. మోకాళ్లకు ఎండ తగలాలని డాక్టరు చెప్పినందున రోజూ పదింటికి డాబా ఎక్కి, ఒక స్టూలు వేసుకుని, స్వెట్టరు అల్లుకుంటూ పన్నెండింటికి దిగేవారు. మధ్యలో వచ్చిన ఒక్క ఆదివారం తప్ప ఆ పది రోజులూ ఆమె మెట్ల పైన మూసిన తలుపు ఎదురుగా కూర్చుని, తలుపు కింది సందులోంచి వచ్చే ఎండలో కాళ్లు పెట్టుకున్నారు. ఆ సందు వెడల్పు రెండు వేళ్లు.

4. పద్నాలుగో తేదీ రెండో శనివారం, మా వారికి సెలవు. మధ్యాహ్నం ఒకటిన్నరకు తమ ఫోనుతో తలుపు తీసి అత్తగారిని డాబా మీదకు పంపి, కిందికి వచ్చి, ఫోనును ఛార్జింగు పెట్టారు. ఫోను ఛార్జింగులో ఉండగా యాప్ తనను తాను అప్‌డేట్ చేసుకుంది. రెండు గంటలకు ఆయన వెళ్లి ఫోను ఆనిస్తే తలుపు తెరుచుకోలేదు. కొత్త వెర్షన్ కనుక ఇకపై ఓటీపీతో లాగిన్ కావాలని, దాన్ని ఇంటి దస్తావేజులో నమోదైన నంబరుకు పంపామని చెప్పింది. దస్తావేజులో ఉన్నది తొమ్మిదేళ్ల కిందట తీయించేసిన మా లాండ్‌లైను నంబరు. బ్లాకులో మిగతా కొత్త ఫోన్లకూ ఆ మధ్యాహ్నమే అదే అప్‌డేట్ వచ్చింది, ఏదీ తలుపు తీయలేదు.

మా వారు తలుపు ఇవతల నిలబడి, "అమ్మా, కంగారు పడకు" అని కేక వేశారు.

అవతలి నుంచి, "నేనెందుకు పడతానురా. వణుకుతోంది నీ గొంతు" అని వినబడింది.

నేను కంపెనీ సహాయ కేంద్రానికి ఫోను చేశాను. ఫోనెత్తిన అమ్మాయి చాలా మర్యాదగా మాట్లాడింది. ఆ సంభాషణ నా పుస్తకంలో ఇలా ఉంది:

"మీ ఫోను వెర్షన్ ఎంత మేడం?"

"మా అత్తగారు డాబా మీద ఉండిపోయారమ్మా."

"అర్థమైంది మేడం. అత్తగారి ఫోను వెర్షన్ ఎంత?"

"ఆవిడకు ఫోను లేదు."

"అయితే సిస్టంలో ఆవిడ డాబా మీద లేరు మేడం."

"నేను మెట్ల మీద నుంచి వింటున్నాను. దగ్గుతున్నారు."

"మీ ఫిర్యాదు నమోదు చేయమంటారా?"

మూడు గంటల పది నిమిషాలకు మా వారు కావలి మనిషిని పిలుచుకు రావడానికి లిఫ్టులో కిందికి దిగారు. నేను గొడ్డలి ఎక్కడుందా అని డ్రిల్లు మాస్టారి ఇంటికి వెళ్లాను. మేమందరం పైకి వచ్చేసరికి డాబా తలుపు మూసే ఉంది. పిలిస్తే పలకలేదు. మా వారు తలుపు బాదుతూ అక్కడే ఉండిపోయారు. నేను ఇంట్లోకి పరుగెత్తాను. అత్తగారు వంటింట్లో దుప్పట్లు మడత పెడుతూ కనిపించారు.

"ఎలా వచ్చారు అత్తయ్యా?" అని అడిగాను.

"తలుపు తీసుకుని వచ్చాను" అన్నారు.

ఆమె ఏ విధంగా వచ్చారన్నది ఈ అర్జీ పరిధిలోకి రాదు.

5. మరునాడు ఆదివారం. ఆ తలుపుకు నేను ఏమవుతానో తేల్చుకుందామని మా వారి ఫోను తీసుకుని, యాప్‌ను మొదటి నుంచి చివరి వరకు చదవడం మొదలుపెట్టాను. చిట్టచివర "గురించి" అని ఉంది. దాన్ని నొక్కితే "లైసెన్సులు" అని వచ్చింది. నొక్కాను. చీమ తలకాయంత అక్షరాలతో అరవై ఒక్క తెరలున్నాయి.

"అవి ఎవరూ చదవరే" అన్నారు మా వారు.

"ఎవరూ చదవనిదైతే ఎందుకు రాశారు?" అన్నాను. ఆయన పేపరు అందుకున్నారు. సమాధానం తమ దగ్గర ఉంటే తెలియజేయగలరు.

అర్థం కాని మాటలు మా మరిదిని ఫోనులో అడుగుతూ, మధ్యలో వంటకు లేస్తూ, సాయంత్రం ఐదుంబావుకు పూర్తి చేశాను. ముప్ఫై ఎనిమిదో తెరలో ఉన్నది ఏమిటంటే: ఈ యాప్, తలుపు పెట్టెలో నడిచే ప్రోగ్రాము, రెండూ ఆ కంపెనీ సొంత కష్టం కావు. ఎవరో ముక్కూ మొహం తెలియని మనుషులు తీరిక వేళల్లో రాసి, జీపీఎల్ అనే లైసెన్సు కింద లోకానికి వదిలిన ప్రోగ్రాము మీద కట్టినవి. ఆ లైసెన్సు ప్రకారం ఎవరైనా దాన్ని తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. షరతు ఒక్కటే. మార్చినదాన్ని ఇంకొకరికి ఇచ్చినప్పుడు, సోర్స్ కోడ్ అడిగే హక్కు కూడా ఇవ్వాలి. కనీసం మూడేళ్ల పాటు ఎవరు అడిగినా ఇస్తామని రాసి ఇవ్వాలి. కంపెనీ వారు ఆ ముప్ఫై ఎనిమిదో తెరలో అలాగే రాసి ఇచ్చారు. ఎవరూ చదవరన్న ధైర్యంతో ఇచ్చారని నా అనుమానం.

ఇది చదివి అత్తగారికి చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు. "ఇందులో కొత్తేముంది? నేను అల్లిక నేర్పేది అలాగే కదా" అన్నారు. నిజమే. మా అత్తగారు ఎవరికైనా ఒక అల్లిక నేర్పితే, వాళ్లు దాన్ని ఇంకో ఇద్దరికి నేర్పి వచ్చేదాకా తరువాతి అల్లిక నేర్పరు. ఆకు అల్లికను ఒక కోడలు దాచుకుందని (ఆ కోడలిని నేనే, పెళ్లయిన కొత్త) నాకు జడ అల్లిక ఏడాదిన్నర పాటు చూపించలేదు. స్వెట్టరు ఇస్తే సరిపోదు, ఎన్ని కళ్లు ఎక్కించాలో, ఎక్కడ తగ్గించాలో కూడా ఇవ్వాలి అంటారామె. చిరిగితే అల్లినవారి కాళ్లు పట్టుకోనక్కర లేకుండా, తొడుక్కున్నవారే బాగుచేసుకోవడానికి.

సోర్స్ కోడ్ అంటే నాకు అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

6. పదహారో తేదీన కంపెనీకి రిజిస్టరు పోస్టులో ఉత్తరం రాశాను. సదరు లైసెన్సు ముప్ఫై ఎనిమిదో తెరను అనుసరించి సోర్స్ కోడ్ పంపగలరని కోరాను. ఇరవై ఒకటో తేదీన జవాబు వచ్చింది. సోర్స్ కోడ్ కావలసిన వారు యాప్ తెరిచి అందులోని అభ్యర్థన ఫారం నింపవలెనని అందులో ఉంది. యాప్ నా ఫోనులో తెరుచుకోదు కనుకనే నేను సోర్స్ కోడ్ అడుగుతున్నానని వారు గమనించలేదు. మా వారి ఫోనులో ఫారం నింపాను. "మీరు ఈ పరికరం యజమాని కాదు" అని వచ్చింది. మా వారు నింపారు. "మీ అభ్యర్థన స్వీకరించాము" అని వచ్చింది. ఇంతవరకు మళ్లీ పలుకు లేదు.

ఈలోగా మా మరిది, ఆ ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిన అసలు ప్రోగ్రామును తెచ్చి నా ఫోనులో వేశాడు. అది ఆండ్రాయిడ్ ఎనిమిదిలో కూడా నడుస్తుంది. నా ఫోనులో మొదటిసారే తెరుచుకుంది, దణ్ణం పెట్టినంత పని చేసింది. తలుపు మాత్రం తెరుచుకోలేదు. పెట్టెలో కంపెనీ వారు ఏదో మార్చారు. ఏం మార్చారో చెప్పలేదు.

"చెబితే ఎంత పని పడుతుంది?" అని అడిగాను.

"ఒక ఆదివారం చాలు వదినా. మధ్యాహ్నం భోజనం పెట్టాలి, అంతే" అన్నాడు.

భోజనం పెట్టడానికి నేను సిద్ధంగా ఉన్నానని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

7. ఇరవై మూడో తేదీ సోమవారం ఉదయం తమ కార్యాలయానికి స్వయంగా వచ్చాను. ముందు గదిలోని గుమాస్తా గారు ఫిర్యాదులు యాప్‌లోనే పెట్టాలని చెప్పారు.

"యాప్ మీదే నా ఫిర్యాదు బాబూ" అన్నాను.

"అందుకే అందులో ఒక గడి ఉందమ్మా. 'యాప్ పనిచేయడం లేదు' అని. అక్కడ టిక్కు పెట్టండి."

"పనిచేయని యాప్‌లోనా?"

"సరే, కాగితం ఇవ్వండి. కాగితానికి నంబరు పడదు, అది మీ ఇష్టం" అన్నారు.

కాగితం రాయడానికి నడవలో బెంచీ మీద కూర్చున్నాను. నాకు ఎదురుగా ఒక పెద్దమనిషి చంకలో రెండు ఫైళ్లు, చేతిలో భోజనం డబ్బా పట్టుకుని, ఒక మూసిన తలుపు ముందు నిలబడి ఉన్నారు. ఆ తలుపుకు కూడా మా డాబా మీది లాంటి నల్ల పెట్టే ఉంది. ఆయన ఫోను ఆనిస్తే ఎర్ర దీపం, మళ్లీ ఆనిస్తే ఎర్ర దీపం. ఫోనును చొక్కాకు తుడిచి ఆనించారు. అయినా ఎర్రదే.

"తుడిస్తే రాదండి. వెర్షన్ ఎంత?" అని అడిగాను.

ఆయన వెతికి చూసి, "పది" అన్నారు.

"పన్నెండు కావాలి."

"మొన్నటిదాకా పాత యాప్‌తో వచ్చిందమ్మా. శనివారం అప్‌డేటట. ఫోనుకు ఒక్క గీత కూడా పడలేదు, చూడండి." చూశాను. నిజంగానే పడలేదు. జాగ్రత్తగల మనిషి.

భోజనం డబ్బా బెంచీ మీద పెట్టి నా పక్కనే కూర్చున్నారు. పదిహేడు నిమిషాలు కూర్చున్నాం. ఎవరి ఇంట్లో ఏ వస్తువు ఎన్నేళ్లుగా నడుస్తోందో చెప్పుకున్నాం. ఆయన రేడియో నలభై రెండేళ్లది. తరువాత గుమాస్తా గారు వచ్చి తన ఫోనుతో తలుపు తీసి, "రండి సార్" అన్నారు. ఆయన ఫైళ్లు సర్దుకుని, నా వైపు చూసి, లోపలికి వెళ్లారు. ఆయన ఎవరని అడగడం మర్యాద కాదని నేను కాగితం రాయడం మొదలుపెట్టాను.

8. ఇప్పుడు అసలు సంగతి. వచ్చే నెల ఒకటో తేదీ నుంచి వీధి గుమ్మానికి కూడా ఇదే పెట్టె బిగిస్తామని మెట్ల దగ్గర కాగితం అంటించారు. మా అత్తగారు రోజూ ఉదయం ఆరింటికి నడకకు వెళతారు. నేను పాలకు, కూరలకు, కుట్టు గుడ్డలకు రోజుకు సగటున నాలుగుసార్లు గుమ్మం దాటుతాను. నర్సమ్మగారు ఆస్పత్రి నుంచి వచ్చే వేళకు మెట్ల మీద మనిషి ఉండరు. ఒకటో తేదీ తరువాత మేమందరం మా ఇంటి ముందు నిలబడి, ఎవరి ఫోను కొత్తదో వాళ్లు వచ్చేదాకా చూడాలి.

ఇరవై ఆరేళ్లుగా ఈ ఇంట్లో ఉంటున్నాను. ఏ గది తలుపు వానాకాలంలో బిగుసుకుంటుందో, ఏ కిటికీ గొళ్లానికి ఎంత నూనె కావాలో నాకు తెలుసు. పొద్దున లేచింది మొదలు ఈ ఇల్లు నా చేతుల మీద నడుస్తుంది. అయ్యా, ఆ ఇంటి గుమ్మం రేపు నన్ను ఎవరు నువ్వని అడగబోతోంది. ఏం చెప్పాలో నాకు తోచడం లేదు. ఆండ్రాయిడ్ తొమ్మిది అని చెప్పాలా?

పై కారణాల వల్ల తమరిని వేడుకునేది ఏమనగా: ఒకటో తేదీలోగా వీధి గుమ్మం పని నిలిపించాలి. కంపెనీ వారు రాసి ఇచ్చిన మాట ప్రకారం సోర్స్ కోడ్ ఇప్పించాలి. అది అందేదాకా రసీదు నంబరు పదిహేడు మీద పట్టుకెళ్లిన ఇనుప తాళంచెవి మాకు తిరిగి ఇప్పించాలి. ఇంకొకటి. ఫోను లేని మనిషి డాబా మీద ఉంటే ఉన్నట్టుగానే రాసుకునే ఏర్పాటు ఎక్కడో ఒకచోట చేయించాలి.

ఈ అర్జీకి కూడా ఒక లైసెన్సు పెట్టాను. ఎవరైనా దీన్ని నకలు తీసుకోవచ్చు, తమ ఇంటికి తగ్గట్టు మార్చుకోవచ్చు, మార్చిన నకలు అడిగినవారికి ఇవ్వాలి. మిగిలిన ఐదు ఇళ్లవారూ తీసుకున్నారు కనుక తమకు మొత్తం ఆరు అర్జీలు అందుతాయి. డ్రిల్లు మాస్టారు గారి ప్రతిలో మూడో అంశం దగ్గర పక్క బ్లాకు కుక్క ఒకటి వచ్చి చేరింది. కుక్కకు, తాళానికి సంబంధం ఏమిటని అడిగాను. "అర్జీ ఎలాగూ వెళుతోంది కదమ్మా, దాన్ని కూడా ఎక్కించాను" అన్నారు. లైసెన్సు ప్రకారం మార్చే హక్కు ఆయనకుంది. ఆ కుక్క విషయంలో నేను ఏ హామీ ఇవ్వడం లేదు. హామీ లేదని రాయడం కూడా ఆ అరవై ఒక్క తెరల్లోనే నేర్చుకున్నాను.

ఒకటో తేదీకి ఇంకా ఐదు రోజులే ఉన్నందున, నంబరు పడని కాగితమే అయినా దీనిని మొదట తీసి, మొత్తం చదివి చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
రసీదు నంబరు పదిహేడు గల గృహిణి.

జతపరచినవి:
తాళంచెవి రసీదు నకలు.
ఆరుదల పుస్తకం, నాలుగు నుంచి పదమూడో తేదీ వరకు.
లైసెన్సు ముప్ఫై ఎనిమిదో తెర, నా చేతిరాతలో.
కంపెనీ వారి జవాబు.
అల్లిక సూది, ఒకటి.

తాజా కలం: ఆరుదల పుస్తకం పదమూడో తేదీతో ఎందుకు ఆగిందని తమరు అడగవచ్చు. పద్నాలుగో తేదీ నుంచి మా బట్టలు మళ్లీ డాబా మీదే ఆరుతున్నాయి. దాచి అర్జీ పెట్టడం నాకు చేత కాదు కనుక చెబుతున్నాను. ఆ నల్ల పెట్టెకు అడుగున, కుడి మూల, చిన్న కన్నం ఉంది. మా అత్తగారు డాబా మీద ఉండిపోయిన గంటా నలభై నిమిషాల్లో స్వెట్టరు చెయ్యి సగం అల్లి, విసుగు పుట్టి, ఆ కన్నంలో సూది పెట్టి నొక్కారు. ఐదు లెక్కపెట్టేసరికి పచ్చ దీపం వెలిగిందట. ఎనభై ఒక్క ఏళ్ల మనిషి అల్లిక సూదికి లొంగే తాళం దొంగను ఆపదు. చెప్పిన మాట వినేవారిని మాత్రమే ఆపుతుంది.

అయినా ఈ అర్జీ వెనక్కి తీసుకోవడం లేదు. సూదితో లోపలికి వెళ్లిన ప్రతిసారీ అత్తగారు ఒకసారి వెనక్కి తిరిగి చూసుకుంటున్నారు. మా ఇంట్లోకి మేము అలా రావడం నాకు ఇష్టం లేదు.

అత్తగారు నాకు నేర్పారు కనుక నేను ఇద్దరికి నేర్పాలి. ఒకరు నర్సమ్మగారు. రెండోవారు ఎవరా అని ఆలోచించాను. ఈ కవరు మీద తమ హోదా తప్పు లేకుండా రాయడానికి, సోమవారం ఆ పెద్దమనిషి లోపలికి వెళ్లిన గది తలుపు మీది బోర్డు చూసి ఎత్తి రాసుకున్నాను.

కింది వైపు, కుడి మూల, ఐదు లెక్కపెట్టాలి. ఆ తరువాత తమరు కూడా ఇద్దరికి చూపించాలి, ఆ బెంచీ మీద ఎవరో ఒకరు ఉంటారు. పని అయ్యాక సూది మాత్రం దయచేసి తిరిగి పంపగలరు. అది జతలోది. స్వెట్టరు రెండో చెయ్యి ఇంకా మొదలుపెట్టలేదు.